గాల్లో బిగించబాక

ఆకాశంలో మంట కనబడి అర నిమిషమైంది. చప్పుడింకా రాలేదు.

సర్వీసు రోడ్డు మీద పదిమందిమి తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నాం. టీ అంగడాయన వడపోసే గుడ్డ చేత్తో పట్టుకునే బయటికొచ్చేశాడు. పాలబండి కుర్రాడు స్టాండు వేయకుండా కాలు ఆనించి మెడ వెనక్కి వాల్చాడు. 2025 జనవరి 29, బుధవారం, పొద్దున 6 గంటల 23 నిమిషాలు. శ్రీహరికోట నుంచి నూరో రాకెట్టు పైకి పోతోంది. సూళ్లూరుపేటకూ ప్రయోగ వేదికకూ నడుమ పులికాట్ సరస్సు, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. చప్పుడు కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. అందుకే ఈ ఊళ్లో మొదట వెలుగు, నిమిషం దాటాక ఉరుము.

వచ్చింది. చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసింది. తర్వాత షెడ్డు రేకులకు. మేకులకు వేలాడుతున్న స్పానర్లు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి. మంట చిన్న చుక్కై, చుక్క పొగై, పొగ గాలికి వంకర్లు తిరిగింది.

"పొయ్యింది," అన్నాడు షెడ్డు మేస్త్రి, చేతిలోని బీడీ కింద పడేసి చెప్పుతో నలుపుతూ. "ఇంక మన రాకెట్టు సంగతి చూద్దాం రా అబ్బయా."

మన రాకెట్టు షెడ్డులో వెనక భాగం పైకెత్తుకుని ఉంది. 1994 మోడల్ అంబాసిడర్, ఐసుజు 1800 ఇంజిను, ఏపీ 26 నంబరు. సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ ఈ బండి నంబరు ప్లేటు నెల్లూరులోనే ఉండిపోయింది. మా మామయ్యది. స్టేషను నుంచి శ్రీహరికోటకు, పెళ్లిళ్లకు, మద్రాసు ఆసుపత్రులకు ట్యాక్సీగా తిరిగిన బండి. కిరాయి లేని రోజుల్లో తెల్లారుజామునే డిక్కీ నిండా పులికాట్ రొయ్యల గంపలు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు డిక్కీ అడుగున ఏ సందు దొరికితే ఆ సందులోంచి కారి, ఇరవై ఏళ్లపాటు వెనక కమాన్లను తడిపాయి. ఇందాక పైకి పోయిన ఉపగ్రహం బరువు 2,250 కిలోలు. ఈ కారు అందులో దాదాపు సగం. ఆ బరువులో వెనక వాటాను మోసేవాటిని ఈరోజు విప్పబోతున్నాం.

ఈరోజు అమావాస్య. మన లెక్కన కొత్త పనికి పనికిరాని రోజు. నిన్న సాయంత్రం మొహమాటంగానే గుర్తుచేశాను. మేస్త్రి నవ్వాడు. ఆయన తల్లిది గుమ్మిడిపూండి. తమిళం వాళ్లకు అమావాస్య మంచిరోజు, అందులోనూ ఇది తై అమావాస్య. "తెలుగాయన వొచ్చి అమావాస్య అన్నాడనుకో, మా అమ్మ పంచాంగం తీస్తా. తమిళాయన వొచ్చి తొందరపెట్టాడనుకో, మా నాయన పంచాంగం తీస్తా," అన్నాడు. సరిహద్దు ఊళ్లో మెకానిక్కుకు ఈ సౌకర్యం ఉంది.

*

గోనెపట్ట పరిచి వెల్లకిలా పడుకుని లోపలికి జరగండి. తల జాగ్రత్త, సైలెన్సరు గొట్టం కిందికే ఉంటుంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. బాడీ చెక్క దిమ్మెల మీద కూర్చుని ఉంది, ఇరుసు కింద వేరే జాకీ ఉంది. రెండూ వేరువేరుగా ఎందుకో మేస్త్రి పిల్లోడు నిన్న నాకు పాఠం చెప్పాడు. ఇరుసును వట్టినే వేలాడదీస్తే దాని బరువంతా నడిమిన ఉన్న బ్రేకు రబ్బరు గొట్టం మీద పడుతుంది. అది తెగితే ఈ పని పక్కన పెట్టి ఇంకో పని చేసుకోవాలి.

టార్చి వేస్తే ఇరుపక్కలా రెండు కమాన్ కట్టలు. పొడుగు పట్టా పైన, దాని కింద ఒకదానికంటే ఒకటి పొట్టి పట్టాలు. కమాను అంటే మొదట విల్లు, పారసీ నుంచి వచ్చిన మాట. ఫిడేలు మీద లాగే కడ్డీనీ కమానే అంటాం, ఊరి మొదట్లో కట్టే స్వాగత ద్వారాన్నీ కమానే అంటాం, లారీ కింది ఇనప పట్టాలనూ కమానే అంటాం. 1804లో ఇంగ్లండులో ఒబాడియా ఇలియట్ అనే ఆయన రెండు కమాన్లను ఎదురెదురుగా గుడ్డు ఆకారంలో కలిపి బగ్గీ కింద బిగించి పేటెంటు తీసుకున్నాడు. అందులో పై సగం తీసేస్తే మిగిలేది మీ ముక్కుకు జానెడు పైన ఉంది.

ఈ కట్ట బరువు మోయడంతో ఊరుకోదు. ఇరుసును పట్టుకుని ఉంచేదీ ఇదే. ఈ కాలపు కార్లలో ఆ పనికి వేరే కడ్డీలు ఉంటాయి. ఇక్కడ అవేమీ లేవు. చక్రం నేలను వెనక్కి తన్నినప్పుడు ఆ తోపు ఇరుసులోకి, ఇరుసు నుంచి కమాను ముందు కొసన ఉండే కంటికి, ఆ కంట్లో ఉన్న రబ్బరు బుష్షు గుండా బాడీకి చేరుతుంది. ఫ్రాన్సులో ఒకప్పటి కార్ల కంపెనీ హాచ్‌కిస్ పేరే ఈ అమరికకు నిలిచిపోయింది. పేరు ఎవరిదైతేనేం, ఎడమ ఒకటి, కుడి ఒకటి, బొటనవేలంత మందం రబ్బరు ముక్కలు రెండు వెయ్యి కిలోల పైబడ్డ బండిని ముందుకు తోస్తున్నాయి. అవి చితికితే ఇరుసు ఉన్నచోట ఉండదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, తన ఇష్టం.

ఆ ఇష్టం నాకు డిసెంబరులో నాయుడుపేట దాటాక తెలిసింది. నాలుగు లైన్ల రోడ్డు మీద బస్సు ఒకటి పక్కనుంచి దూసుకుపోగానే స్టీరింగు నేను తిప్పకుండానే బండి తోక పక్కకు జరిగింది. వెనక సీట్లో ఎవరో బరువైన మనిషి ఇటునుంచి అటు మారి కూర్చున్నట్టు. దానికి తోడు గేరు మార్చినప్పుడల్లా 'డక్' అని ఒక దెబ్బ, స్పీడు బ్రేకరు ఎక్కితే 'కిర్రు', దిగితే మళ్లీ 'కిర్రు'.

విచిత్రమేమిటంటే బుష్షులు కొత్తవి. సెప్టెంబరులో వేరే ఊళ్లో ఒక పెద్ద షెడ్డులో బిల్లుతో సహా వేయించాను. ఐదు నెలలు కాలేదు. బుష్షులు నాసిరకం అని నేను తేల్చేశాను. మేస్త్రి ఏమీ తేల్చలేదు. "తీసి చూసినాక మాట్లాడతా" అన్నాడు అంతే.

*

ఏడున్నర. విప్పడం మొదలు.

మూడు రోజులుగా పూటకోసారి డీజిలు, ఇంజినాయిలు కలిపి ప్రతి నట్టు మీదా చుక్కలు వేస్తూ వచ్చాం. అయినా ఉప్పు తిన్న తుప్పు సామాన్యంగా వదలదు. కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు ఒక్కో పక్క రెండు, ఒక్కోదానికి రెండు నట్లు, మొత్తం ఎనిమిది. ఐదు స్పానరుకు లొంగాయి. స్పానరుకు మూడడుగుల గొట్టం తొడిగి లాగితే ఆరోది కీచుమని తిరిగింది. మిగతా రెండూ తల గుండ్రమైపోయి స్పానరును వెక్కిరిస్తున్నాయి.

"గ్యాసు కట్టరు తెప్పిద్దామా మేస్త్రీ?" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తర్వాత డిక్కీ అడుగు వంక చూశాడు. పెట్రోలు ట్యాంకు అక్కడే, చెయ్యి చాపినంత దూరంలో.

"రెండో రాకెట్టు వొద్దులే," అని హాక్సా బ్లేడు తీశాడు.

ఒక్కో బోల్టుకు ముప్పావు గంట. మేస్త్రి పది లాగులు, పిల్లోడు ఇరవై లాగులు, నేను ఎనిమిది లాగి భుజం పట్టుకుని కూర్చోవడం. కోసిన బోల్టు పోయినందుకు బాధేమీ లేదు, యూ బోల్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదన్నది కమాన్ పనిలో నియమం. బిగింపుకు సాగిన బోల్టు రెండోసారి అంత గట్టిగా పట్టదు.

ముందు కంటి బోల్టు ఊడింది. వెనక కంటిని బాడీకి కలిపే షాకిల్ పలకలు ఊడాయి. ఎడమ కట్టను ఇద్దరం మోసుకొచ్చి సిమెంటు గచ్చు మీద దించాం. మేస్త్రి కట్టకు రెండువైపులా రెండు సీ క్లాంపులు బిగించాడు, ఆ తర్వాతే సెంటర్ బోల్టు మీద చెయ్యి వేశాడు. ఈ వరస తప్పకూడదు. పట్టాలన్నీ ఒకదాన్నొకటి అణచిపెట్టుకుని ఉంటాయి. క్లాంపు లేకుండా నడిమి బోల్టు విప్పితే అన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, మూతి దగ్గర పెట్టుకున్నవాడి పళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే.

క్లాంపులు మెల్లగా వదిలితే కట్ట నిట్టూర్చినట్టు విచ్చుకుంది. పట్టాల మధ్యనుంచి ఎర్రటి పొడి గుప్పెడు రాలింది. మేస్త్రి పట్టాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఒకటి ఎక్కువుండాది."

మామయ్య పని. రొయ్యల గంపల బరువుకు తోక నేలకు తగులుతోందని ఎప్పుడో ఒక అదనపు పట్టా వేయించాడు. ట్యాక్సీలకు అది మామూలే. గంపలు పోయాయి, మామయ్యా పోయాడు, పట్టా మిగిలింది. ఇద్దరు మనుషులు కూర్చుంటే బండి గుర్రబ్బండిలా ఎగరడానికి కారణం ఇన్నాళ్లకు దొరికింది. నేను దాన్నీ బుష్షుల ఖాతాలోనే రాసుకున్నాను.

*

ఇప్పుడు కన్ను. పైపట్టా చివర చుట్ట చుట్టిన రంధ్రం, దాంట్లో బుష్షు. ముందు కంట్లో ఉండేది సైలెంట్ బ్లాకు. బయట ఒక ఇనప గొట్టం, లోపల ఒక చిన్న ఇనప గొట్టం, రెంటికీ నడుమ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు లోపలి గొట్టంలోంచి పోయి, దాన్ని రెండు చెంపల నడుమ నొక్కిపట్టుకుంటుంది. బయటి గొట్టం కంటితో కలిసి తిరుగుతుంది. లోపలిది కదలదు. మరి తిరుగుడు ఎక్కడ జరగాలి? రబ్బరులోనే. రబ్బరు ఎక్కడా జారదు, మెలితిరుగుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. ఇనుము ఇనుమును రాచుకునే చోటు లేదు కాబట్టే చప్పుడు లేదు, ఆ పేరు అందుకే.

మేస్త్రి టార్చి దగ్గరగా పట్టి, వేలితో రబ్బరు అంచు తడిమి, "ఇట్రా అబ్బయా" అన్నాడు.

చుట్టూతా చీలిక ఉంది. కానీ ఎండిన రబ్బరు పగిలినట్టు అడ్డదిడ్డంగా లేదు. మరచుట్టులా ఏటవాలుగా, అంతా ఒకే వైపుకు వంగి ఉంది. కుడి బుష్షూ అంతే, అదే వాలు. వెనక షాకిల్ బుష్షులది ఇంకో రోగం. ఎవరో ధారాళంగా గ్రీజు పూశారు. రబ్బరు గ్రీజు తాగి ఉబ్బి, తేనెపాకంలా వేలికి అంటుకుంటోంది.

"బుష్షు మంచిదే," అన్నాడు మేస్త్రి. "బిగించినోడే..." అని ఆగిపోయి, నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. చర్మం మెలిపడేలా ఒక పక్కకు తిప్పి, అట్లాగే పట్టుకుని, "ఇప్పుడు ఇంకొంచెం తిప్పనా?" అన్నాడు.

"వద్దు మేస్త్రీ."

"ఇదే జరిగింది. చక్రాలు వేలాడతా ఉండంగా బోల్టు బిగించేశాడు. అప్పుడు కమాను కిందికి వంగి ఉండాది గదా. దాన్నే సరైన చోటనుకోని రబ్బరు పట్టుకునింది. బండి దించినారు. బరువు పడి కమాను పైకి లేసింది. రబ్బరు నిలబడినచోటే మెలితిరిగి ఉండాది. నువ్వు రోడ్డెక్కకముందే సగం తిప్పేసినారు. ఇంక గుంట వొచ్చినప్పుడల్లా మిగతా సగం."

మణికట్టు వదిలాడు. వేళ్ల అచ్చులు ఎర్రగా కనిపిస్తున్నాయి.

డిసెంబరు నుంచి నేను తిట్టుకున్న బుష్షుల తయారీదారుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. నాకు ఒళ్లు మండింది వేరే విషయానికి. ఈ తప్పు చేయడానికి తెలివి తక్కువ కానక్కర్లేదు, తొందర ఉంటే చాలు. బండి ఎత్తి ఉండగా బోల్టు చేతికి అందుతుంది, హాయిగా బిగించవచ్చు. దించాక దాని కింద దూరాలంటే వీపు అరగాలి. సెప్టెంబరులో ఎవరో ఒకరు వీపు మిగుల్చుకున్నారు.

*

కుడి కట్టను గచ్చు మీద పెట్టి పిల్లోడు సుద్దముక్కతో దాని పైపట్టా వంపు గీశాడు. దాని మీద ఎడమ పట్టా పెడితే నడుమ రెండు వేళ్ల సందు. ఎడమది కుంగిపోయింది. అద్దంలో చూసినప్పుడల్లా బండి ఎడమకు ఒరిగినట్టు అనిపించేది నా భ్రమ కాదన్నమాట.

పక్కన లారీ కమాన్ షాపు. అక్కడ కొలిమి ఉంది, దాగలి ఉంది, సమ్మెట ఎత్తే మనిషి ఉన్నాడు. పట్టాను కొలిమిలో పెడతారేమోనని చూశాను. పెట్టలేదు. కమాను ఉక్కుకు వంగి మళ్లీ లేచే గుణం వేడిచేసి నూనెలో ముంచి, మళ్లీ కొలత ప్రకారం వేడిచేస్తే వచ్చింది. ఊరికే ఎర్రగా కాల్చి వంచితే వంపు వస్తుంది, ప్రాణం పోతుంది. తర్వాత నెల తిరక్కుండా మళ్లీ కుంగుతుంది. అందుకే చలవమీదే కొడతారు. రెండు ఇనప ముక్కల మీద పట్టాను అడ్డంగా పెట్టి, నడుమ ఒక దెబ్బ. అంగుళం జరిపి ఇంకో దెబ్బ. దెబ్బకు కనబడేంత మార్పేమీ లేదు. ముప్పై నలభై దెబ్బల తర్వాత తెచ్చి సుద్దగీత మీద పెడతారు. చాలకపోతే మళ్లీ మోసుకుపోతారు. సమ్మెట పడినప్పుడు పట్టా పాడే పాట వింటూ ఆయన లెక్క కట్టుకుంటున్నాడు. ఒకచోట పాట మొద్దుబారింది. ఆయన ఆగి, పట్టా తిరగేసి, గోటితో గీకి చూశాడు. పగులేమో అని. కాదు, తుప్పు పొక్కు.

ఇదే విద్య మేస్త్రి బాడీ మీదా ప్రయోగించాడు. చిన్న సుత్తితో, కమానును బాడీకి పట్టి ఉంచే హ్యాంగరు చుట్టూ తడుతూ పోయాడు. టంగ్, టంగ్, టంగ్, డబ్. ఆ 'డబ్' దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చితే లోపలికి దిగింది. రొయ్యల నీళ్లు. అరచేతి మేర కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. దానికి ముందు ట్యాంకు దించాలి. ఆ భాగం నేను వివరించను. రెండు గంటలు పట్టింది, చాలా తిట్లు పడ్డాయి.

*

కొత్త బుష్షులు సోమవారమే తెచ్చాను. పొద్దున్నే మెమూ ఎక్కి మద్రాసు, అక్కణ్నుంచి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. పాత సామాను కావలిస్తే పుదుపేట, కొత్త సామాను కావలిస్తే ఇది. అంబాసిడర్ చేయడం మానేసి పదేళ్లు దాటింది. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ ఒంటితో 1950ల చివర మొదలై, బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే 24న ఆగిపోయింది. 2017లో ఆ పేరును సైతం ఫ్రాన్సు పుజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. పేరు ఎవరి బీరువాలో ఉందో గానీ బుష్షులు మాత్రం అట్టపెట్టెల్లో దొరుకుతూనే ఉన్నాయి.

అంగడాయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. నల్ల రబ్బరువి. ఎర్రగా గట్టిగా ఉన్న పాలీయూరిథేన్‌వి. లేత్ మీద తిప్పిన తెల్ల నైలానువి, "ఇవి వేస్తే మళ్లీ నా మొహం చూడరు" అన్నాడు వాటి గురించి. మేస్త్రికి ఫోను చేశాను. "నైలాను లారీకి ఏసుకో. ఎర్రది రేసుకి పోయేటట్టుంటే ఏసుకో. ఇంట్లో ఆడోళ్లు, ముసలోళ్లు ఎక్కే బండికి రబ్బరే," అన్నాడు. నైలాను అరగదు, నిజమే. కానీ అది మెలితిరగదు, జారుతుంది. జారేదానికి గ్రీజు కావాలి, గ్రీజుకు ఇసుక అంటుతుంది, ఇసుకతో మళ్లీ కిర్రు. పైగా రోడ్డు మీది ప్రతి రాయి సంగతీ సీటుకు చేరవేస్తుంది. పాలీయూరిథేన్ మీద ఇప్పటి కుర్రకారుకు ఉన్న మోజు నాకు అర్థం కాదు. డెబ్బై ఏళ్ల కిందటి నమూనా మెత్తటి కారును కొని దాన్ని గట్టిపరచడానికి డబ్బు పోయడం ఎందుకు?

ఇంకో మాట. రబ్బరు అంగడి అరలో కూర్చునే ముసలిదైపోతుంది. అట్టపెట్టె కొత్తగా ఉంటుంది, లోపలిది పదేళ్లనాటిది కావచ్చు. గోటితో నొక్కితే గుంట పడి వెంటనే పూడాలి. పూడకపోయినా, వంచితే అంచున వెంట్రుకవాసి గీతలు కనబడినా తిరిగి ఇచ్చేయాలి. ఆయన ఇచ్చినవన్నీ నేను నొక్కి చూస్తుంటే అంగడాయన, "టమాటాలా సార్ ఇవి?" అన్నాడు తమిళంలో.

పాత బుష్షు కంట్లోంచి రావడం అంత తేలిక కాదు. రబ్బరు పీకేసినా బయటి ఇనప గొట్టం తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. హాక్సా బ్లేడును కంటిలోంచి దూర్చి మళ్లీ ఫ్రేముకు తగిలించి, లోపలినుంచి ఆ గొట్టాన్ని మాత్రమే నిలువునా కోయాలి. కంటి మీద గాటు పడకూడదు. గాటు పడినచోటే రేపు పట్టా విరుగుతుంది. పని పిల్లోడిది. పది లాగులకోసారి ఆగి, వేలు పెట్టి తడిమి, మళ్లీ లాగుతున్నాడు. చివరికి ఉలి మొన పెట్టి ఒక్క తట్టు తడితే గొట్టం ముడుచుకుని బయటికి జారింది. వాడి మొహం చూడాలి ఆ క్షణాన.

ఎమరీ కాగితంతో కన్ను తుడిచి, కొత్త బుష్షు నోట పెట్టి, వెనక గొట్టం ముక్క ఆనించి వైసులో మెల్లగా బిగిస్తుంటే అది వంకర లేకుండా లోపలికి నడిచింది. వెనక షాకిల్ బుష్షులకు వైసు అక్కర్లేదు, చేత్తో దూర్చేవే, ఒక్కో కంటికి ఇటు సగం అటు సగం. బిర్రుగా ఉన్నాయి. నా చెయ్యి అలవాటుగా గ్రీజు డబ్బా మీదికి పోయింది.

"గ్రీజు పూయబాక!" పిల్లోడే అరిచాడు, మేస్త్రి కంటే ముందు.

సబ్బునీళ్లు తెచ్చాడు. సబ్బునీళ్లు జారుస్తాయి, ఆరిపోతాయి, రబ్బరును తినవు. అవి లేకపోతే ఆముదం, అన్నాడు మేస్త్రి. పెట్రోలియం నుంచి వచ్చిన నూనెలు సహజ రబ్బరుకు శత్రువులు, గింజ నుంచి తీసిన ఆముదంతో దానికి పేచీ లేదు. పాత కాలపు బ్రేకాయిల్లో ఆముదం వాడిందీ అందుకే.

*

మూడు దాటింది. అదనపు పట్టా లేకుండా రెండు కట్టలూ ఎక్కాయి. సెంటర్ బోల్టు తల ఇరుసు పీఠంలోని గుంటలో కూర్చుందా అని మేస్త్రి అద్దం ముక్క పెట్టి చూశాడు. ఆ బోల్టు తలే ఇరుసును వంకర పోకుండా ఆపేది. కొత్త యూ బోల్టులు, కొత్త షాకబ్జర్లు, కొత్త షాకిల్ పిన్నులు. ముందు కంటి బోల్టు, షాకిల్ నట్లు మాత్రం చేతి బిగువే. స్పానరు ముట్టించలేదు.

తర్వాత జరిగింది పనిలోకెల్లా చిన్న పని, పొద్దుటి నుంచి ఎదురుచూసిన పని. చక్రాలు తొడిగారు. ఇరుసును జాకీతో లేపి చక్రాల కింద రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలు రెండేసి పెట్టారు. బాడీ కింది దిమ్మెలు తీసేశారు. బండి తన కాళ్ల మీద తాను నిలబడింది, కింద మనిషి దూరే సందూ మిగిలింది. "ఎక్కి కూర్చో" అన్నాడు మేస్త్రి. వెనక సీట్లో నేను, నా పక్కన టీ అంగడాయన. ఇంకొక మనిషి బరువు కావాలంటే పాలబండి కుర్రాడు ముందు సీట్లో. మేస్త్రి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నాలుగుసార్లు నొక్కి వదిలాడు. బండి ఊగి, తనకు సుఖమైన చోట ఆగింది.

అప్పుడు ఆయన గోనెపట్ట మీద పడుకుని కిందికి జరిగాడు. అరవై దాటిన వీపు. సీటు కింద నుంచి స్పానరు చప్పుడు, మూలుగు, మళ్లీ చప్పుడు. ముందు కన్ను ఎడమ. ముందు కన్ను కుడి. షాకిళ్లు. మేము ముగ్గురం గుళ్లో కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాం. రబ్బరు ఏ భంగిమలో నిద్రపోవాలో ఆ భంగిమలోనే దాన్ని బిగిస్తున్నాడు. ఇక గుంట వచ్చినా మిట్ట వచ్చినా మెలిక ఇక్కణ్నుంచే మొదలై ఇక్కడికే తిరిగొస్తుంది.

కొద్దిరోజుల తర్వాత పేపర్లో ఒక వార్త చదివాను. ఆ పొద్దున మా అరికాళ్లను కదిపిన రాకెట్టు తన పని తప్పు లేకుండా చేసింది. కానీ ఉపగ్రహాన్ని పై కక్ష్యకు లేపాల్సిన ఇంజినుకు ఆక్సిడైజరు వదిలే వాల్వులు తెరుచుకోలేదట. అది చదువుతుంటే నాకు మేస్త్రి వీపే గుర్తొచ్చింది. పైకి పోయినదాని కింద దూరడానికి గోనెపట్ట పరిచే వీలు లేదు.

*

బండి పని అయిన ఆ సాయంత్రమే, ఐదు గంటలకు చెంగాళమ్మ గుడి ముందు ఆపి దండం పెట్టుకున్నాను. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి పోయే గుడి ఇది. దీనికి తలుపులు లేవు, ఏ వేళప్పుడైనా అమ్మవారు కనబడుతుంది. పక్కన మేస్త్రి, వెనక పిల్లోడు. శ్రీహరికోట రోడ్డెక్కాం.

స్పీడు బ్రేకరు. ఎక్కింది, దిగింది. కిర్రు లేదు. గేరు మార్చాను, డక్ లేదు. ఊరు దాటి పులికాట్ నీళ్ల నడుమ రోడ్డు మీదికి వచ్చేసరికి గాలి పక్కనుంచి కొడుతోంది. ఎదురుగా శ్రీహరికోట రాకెట్టు కేంద్రం షార్ ఉద్యోగుల బస్సు వచ్చి హోరుమని దాటిపోయింది. నేను స్టీరింగును గట్టిగా పట్టుకుని తోక కోసం ఎదురుచూశాను. తోక కదల్లేదు.

"అంత గట్టిగా పట్టుకోబాక, అది పోతాదిలే," అన్నాడు మేస్త్రి.

అటకానితిప్ప దగ్గర ఆపాం. దూరంగా పల్చటి నీళ్లలో ఫ్లెమింగోలు, ఒంటికాలి మీద కొన్ని. ఇంజిను ఆపితే ఉప్పు వాసన, గాలి. మళ్లీ బయల్దేరాక తెలిసింది, ఇన్నాళ్లూ ఆ కిర్రు కింద దాక్కున్న చప్పుళ్లన్నీ బయటికొచ్చాయి. ఎడమ తలుపు అద్దం గిలగిల. డాష్‌బోర్డులో ఏదో టిక్కుటిక్కు. పిల్లోడు వెనకనుంచి వేలితో ఒక్కోటీ చూపించి లెక్కపెడుతున్నాడు, వచ్చే నెల పనికి జాబితా.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. నేను తాళం తీసి జేబులో వేసుకోబోతుంటే మేస్త్రి మళ్లీ గోనెపట్ట తీశాడు.

"ఇంకేముంది మేస్త్రీ?"

"యూ బోల్టులు. నడిచినాక పట్టాలు సర్దుకుంటాయి, నట్టు వొదులవతాది. ఐదొందల కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ రా, అప్పుడూ చూస్తా."

పిల్లోడు టార్చి పట్టాడు. కిందనుంచి స్పానరు ఆనిన చప్పుడు. కుడి పక్క నాలుగూ కదల్లేదు. ఎడమ పక్క ఒకటి, రెండు, మూడు కదల్లేదు. నాలుగోది పావు చుట్టు తిరిగింది.